చదును బాబాయి

గని రోడ్లు చదును చేసే గ్రేడరు బండి సీటు మీద నిలిచిన వాన నీటిని చదును బాబాయి పాత తువ్వాలుతో ఒత్తి తుడిచి, తువ్వాలు పిండి, మళ్ళీ తుడిచాడు. క్యాబిన్ తలుపు రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. వాన కురిసినప్పుడల్లా సీటు తడవడం, ఆయన తిట్టుకుంటూ తుడవడం, మెకానిక్ "రేపు వేయిస్తా బాబాయ్" అనడం ఏళ్ళ తరబడి సాగుతున్న భాగోతం. ఈ రోజు మాత్రం తిట్టలేదు. నూనె కొలిచే పుల్ల లాగి చూశాడు. టైర్ల చుట్టూ తిరిగి ఒక్కొక్కదాన్నీ కాలితో తన్నాడు. చివరికి ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు.

షిఫ్టు ఇన్‌ఛార్జి టీ గ్లాసు పట్టుకుని అటే వస్తూ అది చూశాడు. "ఏంటి బాబాయ్, జ్వరం చూస్తున్నావా?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది. వస్తే నాకే రావాలి."

"చివరి రోజు కదా, ఇవాళ్టికి కూర్చోరాదూ. రోడ్డు ఎక్కడికీ పారిపోదు."

"రాత్రి అంత వాన కొట్టింది. గుంటలు పడుంటాయి. టిప్పరు దిగబడితే నన్నేగా తిడతారు."

"నీ ఇష్టం. నాలుగింటికి మాత్రం యార్డులో ఉండాలి. పెద్ద సారు వస్తున్నారు, నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఏదో ఇస్తారట." ఇన్‌ఛార్జి రెండడుగులు వేసి ఆగి, గొంతు తగ్గించాడు. "అంతకుముందే, షిఫ్టు అవగానే, మీ అక్కావాళ్ళు చేను చూడ్డానికి వస్తున్నారు. తెలుసుగా?"

బాబాయి తలూపి మెట్టెక్కాడు. తెలియకపోవడమేమిటి. రాత్రి రేకుల కప్పు మీద వాన దబదబలాడుతుంటే ఆయనకి కంటి మీద కునుకు లేదు. "మీరు లేచి కూర్చుంటే చేను నీళ్ళు తాగుతుందా? పడుకోండి" అని భార్య విసుక్కుంది. పొద్దున క్యారేజీ చేతికిస్తూ మరో మాట కూడా అంది. "మీ అక్క ఏమన్నా నోరు మూసుకుని వినండి. మీరు చేసింది తక్కువేం కాదు."

మనిషి పొట్టి, ఛాతీ వెడల్పు. వెనక బ్లేడు ఎలా పడుతోందో చూడ్డానికి ఎడమ భుజం మీదుగా తిరిగి తిరిగి, మెడ కాస్త ఎడమకే ఉండిపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళకి ఆయన తమ పక్కనున్న ఇంకెవరినో చూస్తున్నట్టు ఉంటుంది. కొత్తవాళ్ళయితే పక్కన ఎవరున్నారా అని తిరిగి చూసుకుంటారు కూడా. కుడి అరచేతిలో లివరు ఒరిసిన చోట కాయ కాసి గట్టిపడి ఉంటుంది. ఆ గనిలో కొండను కొట్టినవాళ్ళున్నారు, మందు పెట్టి రాయి పేల్చినవాళ్ళున్నారు, టిప్పరు బోల్తా కొట్టించి బతికి బట్టకట్టినవాళ్ళున్నారు. వాళ్ళందరి గురించీ కథలున్నాయి. బాబాయి గురించి చెప్పడానికి ఒక్కటే ఉంది: ఆయన వేసిన రోడ్డు నున్నగా ఉంటుంది. నిండు గ్లాసు టీ పక్క సీట్లో పెట్టుకుని గని అడుగు నుంచి పైదాకా చుక్క తొణక్కుండా వస్తానని డ్రైవర్లు పందాలు కాసేవారు, గెలిచేవారు కూడా. గెలిచినవాడు కొనిచ్చే టీ బాబాయికే.

ఇంట్లోనూ అదే వరస. పక్క మీద దుప్పటి ముడత పడితే నిద్ర పట్టదు. పళ్ళెంలో అన్నం పెడితే ముందు చేత్తో చదును చేసి గాని కలుపుకోడు. పెళ్ళైన కొత్తలో అది చూసి, తన వంట నచ్చక కెలుకుతున్నాడనుకుని భార్య వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. తర్వాత తర్వాత ఆవిడే గరిటెతో చదును చేసి వడ్డించడం మొదలుపెట్టింది.

గ్రేడరు కదిలింది. పైనుంచి కిందికి, మలుపు మలుపుకీ బ్లేడు దించి, బురద పక్కకి తోసి, గుంటల్లో కంకర నింపి, మళ్ళీ వెనక్కి వచ్చి నొక్కుతూ బాబాయి పొద్దంతా పని చేశాడు. రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా, అంచులు పల్లంగా ఉండాలి. వాన పడిందా, నీళ్ళు అటూ ఇటూ జారిపోవాలి. లోపలికి ఒక్క చుక్క దిగితే ఆ రోడ్డు వారం తిరక్కుండా కుళ్ళిపోతుంది. రోడ్డు వేసేవాడికి నీళ్ళు పగవాడు. ఆ పగవాణ్ణి తరిమికొట్టడంలోనే బాబాయి జీవితం గడిచింది, అందులో ఆయన్ని మించినవాడు లేడు. అక్కడే కొంప మునిగింది.

కిందికి వెళ్ళే దారులన్నీ అయ్యాయి. టిప్పర్లు తూకం వేసే చోటి మలుపు అయింది. చేని కిందుగా పోయే రోడ్డు ముక్క ఒక్కటే మిగిలింది. నిజానికి వరసలో అది ముందే రావాలి. బాబాయి మూడుసార్లు దాని మొదటికి వచ్చి, ఇంకేదో పని గుర్తొచ్చినట్టు గ్రేడరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన రోడ్డును చూసి భయపడ్డం డ్రైవర్లకి వింత. "బాబాయ్, దెయ్యముందా అక్కడ?" అని ఒకడు టిప్పరులోంచి తల బయటపెట్టి అడిగాడు కూడా.

దెయ్యం కాదు, మట్టి. పోయిన ఏడాది ఇలాంటి వానకే పైనున్న చేని మట్టి ఎర్రగా కరిగి, ధారలు కట్టి, ఈ రోడ్డు మీదికి దిగింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నదీ ఈయనే. తన అక్క చేని మట్టిని తన బ్లేడుతో తానే రోడ్డు మీంచి గీకి కాలువలోకి తోశాడు. టిప్పర్లు ఆగకూడదు కదా. తోస్తూ ఏడ్చాడు. క్యాబిన్ అద్దాల మీద వాన కారుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆ చేను కథ చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. గని వచ్చిన కొత్తలో బాబాయి తండ్రి తన పొలంలో సగం గనికి రాసిచ్చి, బదులుగా కొడుకుకి ఉద్యోగం ఇప్పించాడు. మిగతా సగం కూతురిది. అక్క ఆ సగాన్నే నమ్ముకుని బతికింది. తర్వాత గని పెరిగి పెరిగి ఆవిడ గట్టు దాకా వచ్చింది. అక్కనీ చుట్టుపక్కల రైతుల్నీ కూర్చోబెట్టి గనివాళ్ళు ఒక మాట ఇచ్చారు: అడుగునున్న రాయి తీసుకుంటాం, గొయ్యి పూడుస్తాం, మీ పైమట్టిని మీ చేను మీదే మళ్ళీ పరిచి మీకు అప్పగిస్తాం. అప్పటికీ పనికి రాదనిపిస్తే చెప్పండి, రాళ్ళ గుట్టలు పోసుకోవడానికి శాశ్వతంగా మేమే ఉంచుకుని ఏటా అద్దె ఇస్తాం.

ఆ పని చూడ్డానికి వచ్చినావిడే మట్టి మేడమ్. చదువుకున్న మనిషి, సన్నగా, ఎప్పుడూ గొడుగు చంకలో పెట్టుకుని తిరుగుతుంది. పైమట్టిని విడిగా తీయించింది. ఎత్తుగా పోస్తే లోపల ఊపిరాడక చచ్చిపోతుందని తక్కువ ఎత్తు గుట్టలుగా పోయించి, వాటి మీద జనుము చల్లించింది. మట్టికి ఊపిరేమిటని యార్డంతా నవ్వుకుంది. అందరికన్నా ఎక్కువ నవ్విందెవరంటే మన బాబాయే. గొయ్యి పూడ్చాక ఆ మట్టిని తెచ్చి పోసే రోజున మేడమ్ ఆయన్ని ప్రత్యేకంగా పిలిచి చెప్పింది. "కుప్పలు విప్పి వదిలేయండి బాబాయ్. ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు. దాని మీద బండి తిప్పకండి."

బాబాయి "అలాగే మేడమ్" అన్నాడు. అన్నాడు గాని, ఆ గడ్డల్నీ ఆ గుంటల్నీ అలా వదిలేసి పోలేకపోయాడు. పరాయివాళ్ళ చేనైతే ఎలా ఉన్నా సరిపెట్టుకునేవాడేమో. ఇది అక్క చేను. ఊరంతా చూస్తుంది. ఇన్నేళ్ళు గనికి నున్నటి రోడ్లు వేసి, తోబుట్టువు చేనుని దిబ్బలా వదిలేశాడంటారు. మేడమ్ సెలవులో ఉన్న వారం చూసి, షిఫ్టు అయ్యాక బండి తీసుకొచ్చి, మట్టి తడిపి, ముందుకీ వెనక్కీ తిప్పి, రోలరుతో అణగదొక్కి, తన బతుకులో ఎప్పుడూ చేయనంత శ్రద్ధగా చదును చేశాడు. ఆనుకుని ఉన్న పక్క ముక్కల్నీ వదల్లేదు. అయ్యేసరికి చేను అద్దంలా ఉంది. ఇన్‌ఛార్జి వచ్చి చూసి ముచ్చటపడి, అక్కనీ తమ్ముణ్ణీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశాడు.

తర్వాత వాన వచ్చింది. నేల ఒక్క చుక్క తాగలేదు. కొంత నీళ్ళు చెరువులా నిలిచాయి, కొంత మట్టిని కోసుకుని కిందికి జారాయి. అక్క చల్లిన జొన్న బెత్తెడు లేచి పసుపెక్కి చచ్చింది. గడ్డపార వేస్తే ఖంగుమంది. సెలవు నుంచి వచ్చిన మేడమ్ ఇనుప చువ్వ గుచ్చి చూసింది. వేలి పొడవు కూడా దిగలేదు. ఆవిడ ఏమీ అనకముందే బాబాయి అన్నాడు, "నేనే తొక్కించాను మేడమ్." ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. చువ్వ తుడుచుకుని, "మళ్ళీ విప్పుదాం లెండి" అంది.

అక్క మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "రోడ్డు వేశావురా నా చేను మీద" అంది. ఆ తర్వాత మాట్లాడ్డం మానేసింది. ఏడాది గడిచింది. ఎదురుపడితే పక్కనున్న మేకతోనో గోడతోనో మాట్లాడేది. "ఇల్లాలికి కీళ్ళ నొప్పులట, మందు వాడమని చెప్పవే" అని మేకకి చెప్పేది. మేక చెప్పేలోగా తమ్ముడు వినేవాడు.

ఎండాకాలంలో బాబాయి అక్క చేనూ, పక్క ముక్కలూ విప్పాడు. డోజరు వెనక మూడు ఇనుప కోరలుంటాయి, రాతిని పెకలించడానికి. వాటిని చేని వాలుకి అడ్డంగా దించి, మేడమ్ పాతిన గూటాల వెంట పోయాడు. చేతులు ఒప్పుకునేవి కావు. ఎక్కడ ఎగుడు కనపడితే అక్కడ బ్లేడు దించాలని వేళ్ళు లాగేవి. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. "చదును బాబాయికి చత్వారం వచ్చిందిరోయ్, చేనుని కొండల్లా చేస్తున్నాడు" అని యార్డులో నవ్వారు. ఆయన నవ్వనిచ్చాడు. వాలుకి అడ్డంగా గట్లు పోశాడు, గట్టు వెనక కందకం తీశాడు, పెళ్ళలు పెళ్ళలుగా వదిలేశాడు. ఇంటికొచ్చి పళ్ళెంలో అన్నం చదును చేయకుండానే తిన్నాడు. భార్య భయపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఇక తప్పదు. బాబాయి గ్రేడరుని చేని కిందికి తిప్పాడు. ముందు కాలువ కనపడింది. అందులో నీళ్ళున్నాయి, సన్నటి పాయ. బండి ఆపి, వంగి చూశాడు. అడుగునున్న గులకరాళ్ళు కనపడుతున్నాయి. రోడ్డు తడిగా ఉంది గాని దాని మీద ఎర్ర మట్టి లేదు. పైనుంచి ఏదీ దిగలేదు. ఆయన బ్లేడు దించనే లేదు, దించాల్సిన పని లేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, పెదవులు బిగబట్టి, చిన్నపిల్లాడిలా సీట్లో ఒకసారి ఎగిరి కూర్చున్నాడు. పైకెక్కి చేను చూడ్డానికి మాత్రం ధైర్యం చాల్లేదు. నీళ్ళు కిందికి రాలేదు సరే, పైన చెరువు కట్టి ఉంటే?

షిఫ్టు అయిపోయింది. గ్రేడరుని దాని చోట నిలబెట్టి, బ్లేడు నేలకి ఆనించి, తాళంచెవి తీశాడు. తర్వాతి షిఫ్టు ఆపరేటరు చెయ్యి చాచాడు. బాబాయి తాళంచెవి అందులో పెట్టి, "రెండో గేరు కాస్త మొరాయిస్తుంది, మంచిగా అడగాలి" అన్నాడు. ఇంకేమన్నా చెప్పాలేమో అనుకుని నిలబడ్డాడు. క్యారేజీ చేత పట్టుకుని చేని దారి పట్టాడు.

అక్కడ అప్పటికే జనం చేరారు. చేలు వెనక్కి తీసుకోవాలా, గనికే వదిలెయ్యాలా తేల్చుకోవడానికి ఆ చుట్టుపక్కల చేలవాళ్ళంతా వచ్చారు. మేడమ్ గొడుగు చంకలో పెట్టుకుని ఒక పక్కగా నిలబడింది. అక్క గట్టు మీద, చేతికర్ర ముందుకి ఆనించి, రెండు చేతులూ దాని మీద పెట్టి ఎటో చూస్తోంది. తమ్ముణ్ణి చూసి, "వచ్చారు దొరగారు" అంది కర్రతో.

పక్క చేనాయన అందరికన్నా ముందు నోరు విప్పాడు. రాళ్ళ గుట్టలకిచ్చి అద్దె తీసుకుందామని మొదట్నుంచీ అంటున్నవాడు ఆయనే. "లోపలికి పోవడం కూడా ఎందుకు? మొదట్లోనే కనపడుతోంది, చూడండి."

అందరూ చూశారు. చేని మొదట్లో, దారి పక్కనే, బండి పట్టేంత వెడల్పున, నీళ్ళు నిలిచి ఆకాశం అందులో కనపడుతోంది. ఒక కాకి దిగి తీరుబడిగా స్నానం చేస్తోంది.

"అదే చెరువు, అదే నేల. పోయినేడు జొన్న పోయింది, ఈ ఏడు ఇంకోటి పోతుంది. చచ్చినదానికి వైద్యమేంటి?" అన్నాడు పక్క చేనాయన. జనంలో ఒకరిద్దరు తలూపారు. తలూపేవాళ్ళు ఇంకా పెరుగుతారని బాబాయికి తెలుసు. అందరూ చివరికి అక్క మొహం చూస్తారు. అక్క ఎటంటే అటే. అక్క చెరువుని చూస్తోంది.

మేడమ్ కళ్ళు చిట్లించింది. "బాబాయ్, అక్కడ కోరలు దించలేదా? మొత్తం అయిపోయిందన్నారే?"

బాబాయి క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకోవచ్చు. నేల గుణం అంతే అని ఆవిడ మీదికే తోసెయ్యవచ్చు. "అబద్ధం చెప్పాను మేడమ్" అన్నాడు. "ఆ ముక్క నేను ముట్టుకోలేదు. అది పోయినేడు తొక్కిందే, అలాగే ఉంది."

"ఎందుకు?"

"ఫోటో తీసింది అక్కడే."

ఎవరికీ అర్థం కాలేదు. అక్క మెడ తిప్పింది. ఏడాది తర్వాత మొదటిసారి, నడుమ మేకా గోడా కర్రా లేకుండా తమ్ముడి మొహంలోకి చూసింది. "ఏ ఫోటోరా?"

"ఇన్‌ఛార్జి తీశాడే, నిన్నూ నన్నూ నిలబెట్టి. అందులో నువ్వు నవ్వుతున్నావు. ఆ తర్వాత నువ్వు నవ్వడం నేను చూళ్ళేదక్కా. డోజరు అక్కడిదాకా తెచ్చాను. తెచ్చి... చెయ్యి రాలేదు. తిప్పుకుని వెళ్ళిపోయాను."

అక్క కర్ర ఎత్తి ఆ నీళ్ళలో గట్టిగా పొడిచింది. టక్కుమని ఆగిపోయింది, కాకి ఎగిరిపోయింది. ఆవిడ అలాగే రెండు బారలు జరిగి, పెళ్ళలు లేచిన చోట మళ్ళీ పొడిచింది. ఈసారి కర్ర ఆగలేదు. సగానికి సగం దిగిపోయింది, ఆవిడ ముందుకి తూలి నిలదొక్కుకుంది. లాగి చూపించింది. దిగినంత మేరా తడి అంటుకుని ఉంది.

"ఒకే వాన" అంది అక్క, పక్క చేనాయన వైపు తిరిగి. "ఇక్కడా అదే కురిసింది, అక్కడా అదే కురిసింది. ఎక్కడ తాగిందో, ఎక్కడ తాగలేదో నువ్వే చూసుకో."

పక్క చేనాయన ఒప్పుకునే రకం కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. కర్రని నమ్మనన్నట్టు తనే చేనులోకి దిగాడు. మొదటి అడుగుకే చీలమండ దాకా దిగబడి, రెండో అడుగుకి చతికిలబడ్డాడు. జనం గొల్లుమన్నారు. ఆయన లేవలేదు. కూర్చున్న చోటే చేత్తో తవ్వడం మొదలుపెట్టాడు. మోచెయ్యి దాకా పోయింది. పిడికెడు మట్టి తీసి నొక్కి చూశాడు, ముద్ద అయింది. వేలితో తాకితే విడిపోయింది. వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

"నా ముక్క కూడా ఇలాగే విప్పావా?" అని అడిగాడు కింద నుంచే.

"అన్నీ ఒకే చాలులో పోయాను" అన్నాడు బాబాయి.

ఆయన లేచి, వెనక అంటుకున్న మట్టి దులుపుకోకుండానే, తన ముక్క వైపు పరుగులాంటి నడకతో పోయాడు. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు. కాసేపట్లో చేను నిండా జనమే. ఎవరి ముక్కలో వాళ్ళు వంగి, తవ్వి, ఒకరికొకరు పిడికిళ్ళు చూపించుకుంటున్నారు. "మా దగ్గర ఇంకా లోతుకి పోయింది" అని ఒకరు, "మీది వాలు తక్కువ, మాది చూడు" అని ఒకరు. పొద్దున దాకా వదిలించుకుందామనుకున్న నేల గురించి అప్పుడే పోటీలు పడుతున్నారు. కందకాల్లో నీళ్ళు నిలిచి మెల్లగా ఇంకుతున్నాయి. గట్టు ఒక్కటీ తెగలేదు.

అక్క మేడమ్ దగ్గరికి వచ్చింది. "రాళ్ళ గుట్టలు ఇంకెక్కడైనా పోసుకోమ్మా. ఇది మా చేను. మాకిచ్చెయ్యండి."

మేడమ్ ఆవిడ మట్టి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. గొడుగు జారి బురదలో పడింది, పట్టించుకోలేదు. బాబాయి తల అటు తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన వేసిన రోడ్ల మీద కొండలు కొండలు రాయి పోయింది, ఊళ్ళు కట్టారు, వంతెనలు కట్టారు. అవేవీ ఆయనకి ఇంత గర్వం ఇవ్వలేదు. చూడ్డానికి ఆ చేను గతుకులు గతుకులుగా, దున్నపోతులు పొర్లినట్టు ఉంది. అంత అందమైన పని తన చేత్తో చేశానని ఆయనకి అప్పుడే తెలిసింది.

"ఆ మిగిలిన ముక్క తడి ఆరాక విప్పించాలి" అంది మేడమ్, కళ్ళు తుడుచుకుని. "ఇప్పుడు ముట్టుకుంటే ఇంకా గట్టిపడుతుంది. రేపట్నుంచి మీరుండరు కదా బాబాయ్, ఎవరికి చెప్పాలో."

"వీడికే చెప్పు. రేపట్నుంచి వీడికి వేరే పనేముంది?" అంది అక్క. "గడ్డపార నా దగ్గరుంది." అని తమ్ముడి వైపు తిరిగింది. "గట్టు మీద అతిథిలా నిలబడతావేం? దిగు."

బాబాయి ఒక కాలు ముందుకి వేశాడు. అక్క కర్ర అడ్డం పెట్టింది.

"ఆ ఇనప బూట్లతో కాదు. ఒకసారి తొక్కింది చాలు."

ఆయన గట్టు మీద కూర్చుని లేసులు విప్పాడు. తడికి ముడులు బిగుసుకుపోయి కాసేపు పట్టింది. లోపలి పాదాలు తెల్లగా, నానిపోయి, ఎవరివో పాదాల్లా ఉన్నాయి. వాటిని చేనులో పెట్టాడు. మట్టి చల్లగా వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది. మోయలేనన్నట్టు ఒకసారి కుంగి, తర్వాత ఆయన్ని ఆపింది. బాబాయి అలా నిలబడి నవ్వాడు. ఎందుకో కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. వాటిని దాచుకోవడానికి ఈసారి వాన లేదు.

కళ్ళు తుడుచుకుని చూస్తే, ఇంకా ఎవరూ వెళ్ళని వైపు, నడిచేనులో ఒక అడుగుల వరస కనపడింది. చిన్న పాదాలు. ఒక్కో అడుగు పక్కనే కర్ర గుచ్చిన గుంట.

"అక్కా, ఇక్కడ ఎవరో..."

"ఎవరోనేంటి, నేనే. తెల్లారగానే వచ్చి చూసుకున్నా. కడుపు నిండింది."

"మరి పొద్దుట్నుంచీ ఒక్క కబురైనా పెట్టవే? నా ప్రాణం పోయింది ఇక్కడ."

"పోనీ అని ఊరుకున్నా. నాకు ఏడాది పోయింది, నీకు ఒక పూట పోతే ఏమవుతుంది?" అక్క నడవడం మొదలుపెట్టింది. "ఆ చెరువు ఎందుకుందో ఒక్కటే అర్థం కాలేదు. తొక్కించడమూ నా కోసమే, వదిలెయ్యడమూ నా కోసమే. నీ ప్రేమకి దణ్ణంరా తమ్ముడూ, అది నా చేనుని బతకనిస్తే చాలు." అని నవ్వింది. పై పళ్ళలో ఒకటి ఈ ఏడాదిలో ఊడిపోయినట్టుంది. ఫోటోలో అది ఉంది. "పద. నీ పెళ్ళానికి పొద్దున్నే కబురు పెట్టా. ఈపాటికి మా ఇంట్లో పొయ్యి ముందు ఉంటుంది."

"నాలుగింటికి యార్డులో ఉండమన్నారు."

"ఏముందక్కడ?"

"కుర్చీ వేస్తారట."

"మా ఇంట్లో కుర్చీ లేదా?"

అక్క ముందు, తమ్ముడు వెనక, గట్లు దాటుకుంటూ చేనుకి అడ్డంగా నడిచిపోయారు. అక్క కర్రతో ఎడమ వైపు ఏదో చూపిస్తోంది. ఇక్కడ జొన్న, అక్కడ అలసంద అని కాబోలు. బాబాయి మెడ ఎడమకే ఉన్నా, ఈసారి ఆయన చూడాల్సినది నిజంగానే ఎడమ పక్కన ఉంది.

యార్డులో కుర్చీ వేశారు. టీ వచ్చింది, చల్లారింది. పెద్ద సారు రంగు కాగితం చుట్టిన పెట్టెని ఒళ్ళో పెట్టుకుని రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఇన్‌ఛార్జి ఇక లాభం లేదని జీపు తీసుకుని చేని కిందికి వచ్చాడు. హారను కొట్టాడు, ఎవరూ పలకలేదు. చేను ఖాళీ. చివర ఎక్కడో ఇళ్ళ దగ్గర్నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆయన పైకెక్కి గట్టు మీద చూశాడు. అక్కడ ఒక జత గని బూట్లు ఉన్నాయి. రెండూ అంగుళం తేడా లేకుండా పక్కపక్కన ఆనించి, లేసులు లోపలికి దోపి, మేజోళ్ళు ఉండచుట్టి చెరొకదాన్లో పెట్టి, మూతులు రోడ్డు వైపు తిప్పి ఉన్నాయి.